గుర్రంమెడ మలుపులో చెక్క ఇల్లు

ఎలియేసర్ తల్లి ఉబెర్లిందా, చచ్చిపోయిన కొడుకు పేరున సిమెంటు ఇల్లు చేయిస్తోందన్న కబురు యస్నాకి రేవులో చేపలు కోస్తుండగా తెలిసింది. పక్క బల్ల దగ్గర పనిచేసే మనిషి ఆ మాట చెప్పి ఊరుకుందా, పలక మీద ఏం చెక్కిస్తోందో కూడా పొల్లుపోకుండా అప్పజెప్పింది. "అమ్మ ఇంటికి వస్తూ దారిలో కన్నుమూసిన ఎలియేసర్." యస్నా కత్తి కింద పెట్టింది. మళ్ళీ తీసింది. ఆ తర్వాత చేతికొచ్చిన చేపని కోయడం కాదు, నుజ్జు నుజ్జు చేసి పారేసింది. మేస్త్రి కేకలేస్తే వాడి మీదా లేచింది.

కోపం రాదా మరి. ఇన్నేళ్ళు ఎలియేసర్తో కాపురం చేసింది తను. చర్చిలో పెళ్ళి జరగలేదన్న ఒక్క వంక పట్టుకుని ఆ తల్లి, కొడుకు శవాన్ని తన ఊరు మెలిపీయాకి ఎత్తుకుపోయింది, తన వాళ్ళ సమాధుల పక్కన పెట్టించుకుంది. యస్నా పూలు పట్టుకుని వెళితే శ్మశానం గేటు దగ్గరే ఆపించింది. "నన్ను అత్తా అని పిలిచావంటే నాలుక కోస్తా" అని మొదటి రోజే చెప్పిన మనిషి, శవం దగ్గర మాత్రం మెత్తబడుతుందా. సరే, సమాధి చేజారిపోయింది. ఇక మిగిలింది మలుపు ఒక్కటే.

సాన్ అంతోనియో రేవు నుంచి మెలిపీయా వైపు ఎక్కే పాత కొండదారిలో ఉంటుంది గుర్రంమెడ మలుపు. ఆగస్టు పొగమంచులో ఎలియేసర్ తన డొక్కు లారీతో సహా అక్కడే లోయలోకి దొర్లాడు. అలా రోడ్డు మీద అర్ధాంతరంగా పోయినవాడి ప్రాణం పోయిన చోటే తిరుగుతుందని, దానికి నీడ కావాలని మా వాళ్ళ నమ్మకం. అందుకే అక్కడ బొమ్మరిల్లంత ఇల్లు నిలబెట్టి లోపల కొవ్వొత్తి వెలిగిస్తాం. దాన్నే ఆనిమీతా అంటాం. మనిషికి ఒకటే ఇల్లు. రెండు పెడితే ఎందులో దూరాలో తెలియక ప్రాణం అల్లాడుతుందట. ఒకసారి కొవ్వొత్తి వెలిగిందా, దాన్ని కదిపే మొనగాడు లేడు. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు కూడా పక్కకి తప్పించి తారు పోస్తారు. ముందు ఎవరు వెలిగిస్తే వాళ్ళ మాటే ఆ మలుపులో ఉండిపోతుంది.

యస్నా కడుపు మండింది సిమెంటుకి కాదు. "అమ్మ ఇంటికి వస్తూ" అన్న మాటకి. ఆ సాయంత్రం జరిగింది ఆమెకి తెలుసు. ఉబెర్లిందా ఇంట్లో పండగ భోజనానికి ఎలియేసర్ ఒక్కడే వెళ్ళొచ్చాడు. అక్కడ తల్లి యస్నాని నోటికొచ్చినట్టు తిడుతుంటే బంగాళాదుంపలు తింటూ కూర్చున్నాడట. ఆ సంగతి తెలిసి యస్నా వాడి బట్టలు పిండి సంచీలో కుక్కి గుమ్మం బయట పారేసింది. "మీ అమ్మ దగ్గరికే పో. ఆ కొంగు కిందే చావు" అంది. వాడు సంచీ తీసుకుని ఖాళీ లారీ ఎక్కి కొండవైపు పోయాడు. తెల్లారేసరికి లోయలో ఉన్నాడు. ఎక్కుతూ పడ్డాడా, దిగుతూ పడ్డాడా, చూసినవాడు లేడు. ఎక్కుతూ పడితే ఆమె అన్న ఆ చావు మాట చెవిలో పెట్టుకునే చచ్చిపోయాడు. దిగుతూ పడితే మనసు మార్చుకున్నాడు, ఆమె దగ్గరికి తిరిగొస్తున్నాడు. ఆమెకి ఇక బతుకులో తేలాల్సింది ఆ ఒక్కటే. దాన్ని ఆ ముసల్ది రాతి మీద చెక్కించి, దారిన పోయే ప్రతి డ్రైవరు చేతా చదివించబోతోంది.

నవంబరు ఒకటిన, చనిపోయినవాళ్ళ పండగ రోజున, తెస్తుందట. ఈలోపే తన ఇల్లు అక్కడ నిలబడాలి, కొవ్వొత్తి వెలగాలి అనుకుంది యస్నా. అదీ తన చేత్తో చేసిందే అయ్యుండాలి. ఇంకొకరి చేత చేయిస్తే ఉబెర్లిందా చేయించినదానికీ దీనికీ తేడా ఏముంది. రంపం ఎటు పట్టుకోవాలో కూడా తెలియని మనిషికి ఎంత పంతమో చూడండి.

రేవు ఊళ్ళో చెక్కకేం కరువు. సరుకు పేర్చి దించే చెక్క చట్రాలు, పాలెట్లు, గోడలవారగా గుట్టలు పడుంటాయి. చేపపిండి గోదాము వెనక విరిగినవి ఊరికే పట్టుకుపొమ్మంటే సంబరపడి మోసుకొచ్చింది. ఇనుప కడ్డీ దూర్చి బలం కొద్దీ పెకలిస్తే పలక సగంలో చీలింది. ఇంకోటి చీలింది. మేకు మాత్రం పలకల కింది దిమ్మలోంచి రానంటుంది. తిట్టుకుంటూ, వేళ్ళు నలగ్గొట్టుకుంటూ, చీలిన ముక్కలతోనే ఒక పెట్టెలాంటిది కొట్టి పెరట్లో పెట్టి పడుకుంది. పొద్దున్నే చూస్తే వీధిలో ఉన్న కుక్కలన్నీ అక్కడే. చేపపిండి వాసన మరి, చెక్క లోపలిదాకా ఇంకిపోయింది. ఒకటి కప్పు నాకుతోంది, రెండు గోడ కోసం కొట్టుకుంటున్నాయి. మిగిలినవి ముక్కలు నోట కరచుకుని రోడ్డెక్కాయి. ఎలియేసర్ ప్రాణానికి కట్టిన ఇంటిని కుక్కలు తినేశాయని ఇరుగూ పొరుగూ చెప్పుకుని నవ్వారు. యస్నా నిలబడి ఏడ్చింది, ఏడుస్తూనే వాళ్ళ మీద రాళ్ళు విసిరింది.

ఆ మధ్యాహ్నమే నోల్బెర్తో అనేవాడి దొడ్డిలో అడుగుపెట్టింది. కొండ మీద రేకుల దొడ్డిలో పాలెట్లు విప్పి, కోళ్ళ గూళ్ళూ బెంచీలూ చేసి అమ్ముకునే ముసలాడు. పని వచ్చినవాడే కానీ నోరు విప్పితే విషం. పెళ్ళాం పోయినా, కొడుకు విడిగా పోయినా ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"కుక్కలకి విందు పెట్టింది నువ్వేనా?" అన్నాడు తలెత్తకుండానే.

"నేనే. నేర్పుతావా, లేదా?"

"ఆడంగులకి నేర్పేంత తీరిక లేదు. ఎలియేసర్ గాడి ఇంటికా? వాడికి ఇల్లెందుకు, బతికుండగా ఒక చోట ఉన్నాడా?"

"నీకు తీరిక లేకపోతే నీ దొడ్డి ఊడుస్తాను, మేకులు ఏరుతాను. నోరు మాత్రం నా మీద పారేసుకోకు."

నోల్బెర్తో మొదటిసారి ఆమె వైపు చూశాడు. తనని తిట్టినవాళ్ళంటే వాడికి కాస్త గౌరవం. చీపురు చూపించి మళ్ళీ పనిలో పడ్డాడు.

అలా మొదలైంది ఆ చదువు. చదువంటే చదువా, వచ్చినప్పటినుంచి చీకటి పడేదాకా తిట్ల వాన. రేవులో పని అవగానే ఒళ్ళంతా పొలుసులతోనే కొండెక్కి వచ్చేది. పాలెట్టుని పెకలించకూడదని, పలకకీ దిమ్మకీ మధ్య సందు చేసి, ఇనుము కోసే హాక్సా బ్లేడు దూర్చి మేకునే కోయాలని చూపించాడు. "మేకు మెలి తిరిగి ఉంటుంది, మీ అత్త లాగా. పీకితే రాదు, కోస్తేనే తెగుతుంది" అన్నాడు. పలక అంచున మేకు దిగ్గొట్టే ముందు దాని మొన మీద సుత్తితో ఒక్కటిచ్చి మొద్దు చేయాలన్నాడు. వాడిమొన చెక్కని చీలుస్తుంది, మొద్దుమొన నలుపుకుంటూ దిగుతుంది. ఇది మాత్రం యస్నాకి వెంటనే పట్టుబడింది. కొలతలే చావగొట్టాయి. ఒక గోడ పొడుగు, ఒక గోడ పొట్టి. రెండోసారీ అంతే. నోల్బెర్తో ఆ పెట్టెని కాలితో తన్ని, "దీన్లో పిల్లి కూడా ఈనదు" అన్నాడు.

కప్పు వేసిన రోజు ఇంకా ఘోరం. పలకలు పైనుంచి కిందికి పరుచుకుంటూ వచ్చింది. ముసలాడు చూస్తూనే కూర్చున్నాడు. అంతా అయ్యాక బక్కెట్టెడు నీళ్ళు తెచ్చి దాని మీద గుమ్మరించాడు. నీళ్ళన్నీ లోపలికే వెళ్ళాయి.

"ఒక్కసారి ఎలియేసర్ని చంపింది చాలదా, నీళ్ళలో ముంచి మళ్ళీ చంపుతావా? కింద పలక ముందు వేయాలి. పైది దాని మీదికి రావాలి."

"ముందే చెప్పచ్చుగా."

"చెబితే మర్చిపోతావు. ఇప్పుడు చచ్చినా మర్చిపోవు."

యస్నా సుత్తి ఎత్తింది. వాడి నెత్తిన వేయాలన్నంత కసిగా ఉంది. వేయలేదు, కప్పు విప్పడం మొదలెట్టింది. తడిసిన పలకలు వంకర్లు పోయాయి, పనికి రావు. ముసలాడు అప్పటికే చుట్ట కాల్చుకోవడానికి వీధిలోకి పోయాడు. మంచి చెక్క ఏమైనా ఉందేమోనని ఆమె దొడ్డి వెనక్కి వెళ్ళింది. అటు వెళ్ళొద్దని వాడు రెండు మూడుసార్లు చెప్పాడు. చెప్పాడు కాబట్టే వెళ్ళింది.

రేకు వాలు కింద పాలెట్ల గుట్ట ఉంది. పైన పచ్చ టార్పాలిన్ కప్పి ఉంది. ఆ టార్పాలిన్ మూలన పసుప్పచ్చ దారంతో కుట్టిన మాసిక చూసి యస్నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ మాసిక ఆమె వేసిందే. ఎలియేసర్ లారీది ఆ టార్పాలిన్. పచ్చ దారం లేక పసుపుది వేస్తే వాడు పది మందికీ చూపించి ఎగతాళి చేశాడు. ఆమె దాన్ని లాగి పడేసింది. కింద తెల్లటి పైన్ చెక్క పాలెట్లు, పక్కల మీద ఆపిల్ బొమ్మ కాగితాలు అంటుకుని ఉన్నాయి.

నోల్బెర్తో తిరిగొచ్చేసరికి ఆమె ఆ గుట్ట మీద కూర్చుని ఉంది.

"ఇవెక్కడివి?"

"లోయలోవి" అన్నాడు, దాచకుండా. "పోలీసుల కంటే ముందు నేను దిగాను. చెల్లాచెదురుగా పడున్నాయి. చచ్చినవాడికి టార్పాలిన్ ఏం చేసుకోను?"

"వాణ్ణి చూశావా?"

"చూశాను. అప్పటికే అయిపోయింది. నేను చేసేదేం లేదు. చెక్క తెచ్చుకున్నాను."

యస్నాకి ఆ మనిషి మీద ఉమ్మాలనిపించింది. కానీ ఆమె బుర్ర అప్పటికే ఇంకో చోట తిరుగుతోంది. ఆపిల్ పాలెట్లు రేవులో దొరకవు. అవి మలుపు దాటి పైన, మెలిపీయా దారిలో ఉన్న పళ్ళ షెడ్డు గేటు బయట పారేస్తారు. ఎలియేసర్ అటు పోయినప్పుడల్లా ఎత్తుకొచ్చి ఈ ముసలాడికే అమ్మేవాడు. ఇంటి ముందు నుంచి బయల్దేరినప్పుడు లారీ ఖాళీ. లోయలో పడినప్పుడు నిండుగా ఉంది. అంటే మలుపు దాటి పైకి వెళ్ళాడు, చెక్క వేసుకున్నాడు, దిగుతున్నాడు.

"దిగుతున్నాడు" అంది పైకే. "ఇంటికొస్తున్నాడు. నీకు తెలుసు. ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చుని ఒక్క మాట చెప్పలేదు."

"నువ్వు అడగలేదు. నువ్వు మేకుల సంగతి అడిగావు."

ఆమె వాణ్ణి అక్కడే, దొడ్డి మధ్యలో, వీధి వీధంతా వినేలా కడిగేసింది. శవం మీద చెక్క ఏరుకున్న పీనుగ అంది, కొడుకు ఊరికే పోలేదంది. వాడు గోళ్ళు చూసుకుంటూ నిలబడ్డాడు. చివరికి, పోలీసులకి చెప్పకుండా ఉండాలంటే నవంబరు ఒకటిన నీ బండిలో ఇల్లు మలుపు దాకా చేర్చాలంది. వాడు తలూపాడు. ఆ మిగిలిన రోజుల్లో వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు. ఎలియేసర్ ఆఖరి బరువులోంచి తీసిన పలకలతో ఆమె గోడలు కట్టింది, కింది నుంచి పైకి కప్పు వేసింది, మేకుల మొనలు మొద్దు చేసి దిగ్గొట్టింది. మూలలు ఇంకా సరిగ్గా కలవలేదు. కానీ నీళ్ళు పోస్తే లోపల చుక్క పడలేదు. ముందు పలక మీద నల్ల రంగుతో రాసింది: "తన ఇంటికి తిరిగొస్తూ, ఎలియేసర్."

పండగ పొద్దున మలుపులో గాలి విరగబడి వీస్తోంది. నోల్బెర్తో బండి ఆపి, ఇల్లు దించి, దాని కాళ్ళు గోతిలో పాతాడు. యస్నా మోకాళ్ళ మీద కూర్చుని కొవ్వొత్తి వెలిగించింది. రెండుసార్లు ఆరింది. మూడోసారి లోపలి మూలన పెడితే నిలిచింది. నిలిచాక ఆమెకి ఒళ్ళంతా తేలికైంది. ఎలియేసర్ పోయాక గుండెనిండా ఊపిరి పీల్చుకోవడం అదే మొదలు.

అప్పుడే మెలిపీయా వైపు నుంచి ఇంకో బండి దిగింది. వెనక తెల్లటి సిమెంటు ఇల్లు, సిమెంటు బస్తా, తాపీ మేస్త్రి. ముందు నల్లబట్టల్లో ఉబెర్లిందా. దిగింది, చెక్క ఇల్లు చూసింది, కొవ్వొత్తి చూసింది.

"ఈ కోడిగూడు ఎవడు పెట్టాడు?"

"నేనే. నా చేత్తో చేశాను" అంది యస్నా. "వెలిగింది. ఇక తీయలేరు. మీ రాతిపలక వెనక్కి తీసుకుపోండి, దొడ్డికి గుమ్మంగా పనికొస్తుంది."

"వాడు నా దగ్గరికొస్తూ పోయాడు. ఆ రాత అబద్ధం."

"మీదే అబద్ధం. లారీ నిండా ఆపిల్ షెడ్డు పాలెట్లున్నాయి. ఈ గోడలు అవే, కాగితం అంటుకునే ఉంది, చూసుకోండి. ఇదిగో, లోయలోంచి ఏరుకొచ్చిన దొంగ ఇక్కడే నిలబడ్డాడు, అడగండి. షెడ్డు దాకా వచ్చి మీ గడప తొక్కకుండా వెనక్కి తిరిగాడు. మీ మొహం చూడాలనిపించక నా దగ్గరికి బయల్దేరాడు."

నోల్బెర్తో ఔనన్నట్టు గొణిగాడు. తాపీ మేస్త్రి బండి దిగబోయి ఆగిపోయాడు. ఉబెర్లిందా చెక్క గోడ దగ్గరికి వచ్చి ఆపిల్ బొమ్మ కాగితాన్ని గోటితో గీకింది. ఓడిపోయానని ఆమెకి అర్థమైంది. మొహం చూస్తేనే తెలుస్తోంది. కానీ ఆ మనిషి ఒట్టి చేతుల్తో ఓడిపోయే రకం కాదు, ఎదుటివాళ్ళ చేతిలో ఉన్నదీ లాక్కుని కానీ ఓడిపోదు.

"గడప తొక్కకుండా తిరిగాడనుకుంటున్నావా" అంది. గొంతు కిందికి దిగింది. "వచ్చాడు. సంచీ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. అమ్మా, ఈ ఒక్క రాత్రికి పడుకుంటాను అన్నాడు. నేను కిటికీలోంచే మాట్లాడాను. నన్ను కాదని ఎవత్తెని కట్టుకున్నావో దాని పక్కనే పడుకో పో అన్నాను. చాలాసేపు నిలబడ్డాడు. నేను దీపం ఆర్పేశాను. నీ మీద ప్రేమ పొంగి దిగలేదు వాడు. ఇంకెక్కడికీ పోలేక దిగాడు. రాసుకో, పెద్ద అక్షరాలతో రాసుకో."

చెప్పడం అయ్యాక ఆ ముసలిది శాలువా బిగించి చుట్టుకుంది. యస్నా తన చేతులు చూసుకుంది, మేకులు గీరిన గాట్లు, చితికిన బొటనవేలు. నిలబడ్డ ఇల్లు చూసింది. ఆ నల్ల రంగు రాత చూస్తే సిగ్గేసింది, గెలిచినందుకు సిగ్గేసింది. గేటు దగ్గర సంచీతో నిలబడ్డవాడు కళ్ళకి కట్టాడు. ఆ సంచీ నింపింది తనే. ఈమె మీద పడి జుట్టు పీకాలని చెయ్యి లేచింది కానీ, ఆ చేత్తోనే కదా సంచీ విసిరింది. చెయ్యి దించుకుంది. ఎదురుగా ఉన్న మనిషి మీద అసహ్యం తగ్గలేదు, తన మీద ఇంకా పెరిగింది.

"పొమ్మనే నేనూ అన్నాను" అంది. "మీ కొంగు కిందే చావమన్నాను."

ఉబెర్లిందా సాచి చెంప మీద కొట్టింది. యస్నా కదల్లేదు, తిరిగి కొట్టలేదు. రెండో దెబ్బకి ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. కాసేపటికి ఆమె దాన్ని కిందికి దించి, శాలువా అంచు పట్టుకుని నిలబడింది.

నోల్బెర్తోకి చలేస్తోంది. "ఇంతకీ ఏది ఉంచుతారు, ఏది తీస్తారు?" అన్నాడు విసుగ్గా. "వెలిగినదాన్ని నేను ముట్టుకోను. ఆ సిమెంటుది వెనక్కి పంపండి."

"దాన్నీ దించండి" అంది యస్నా.

"ఒక్క మనిషికి రెండు ఇళ్ళేంటి, పిచ్చిదానా. దేంట్లోకి పోవాలో తెలియక అల్లాడతాడు."

"అల్లాడనీ. ఆ రాత్రి వాడికి ఒక్క ఇల్లూ దొరకలేదు."

ఉబెర్లిందా ఆమె వైపు చూడలేదు. తాపీ మేస్త్రి కొంచెంసేపు ఇద్దరి మొహాలూ చూసి, బస్తా విప్పి సిమెంటులో నీళ్ళు పోశాడు.